సీతారామయ్య గారి దగ్గర రెండేళ్లు

నేను సీతారామయ్య గారి దగ్గర రెండేళ్లు పనిచేశాను. ఆయనకు బీపీ ఉంది. టీలో చక్కెర వేసుకోరు. కోపమొస్తే తెలుగు వదిలేసి ఇంగ్లీషులోకి దిగుతారు. ఇంత బాగా తెలిసిన మనిషిని నేను ఒక్కసారి కూడా చూడలేదు. చూద్దామన్నా ఆయన ఈ భూమ్మీద ఎక్కడా లేరు.

తొంభై ఎనిమిది వానాకాలం నాటి సంగతి ఇది. డిగ్రీ చేతికొచ్చిన ప్రతివాళ్లూ అమీర్‌పేటలో ఏదో ఒక మేడ మెట్లు ఎక్కుతున్న రోజులు. రెండువేల సంవత్సరం రాగానే ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ తేదీ తెలియక తికమకపడతాయని, వాటిని ముందే సరిచేసిపెట్టడానికి మనుషులు కావాలని ఊరంతా ఒకటే మాట. నేనూ ఎక్కాను. మా ఇన్‌స్టిట్యూట్ నడిపే ఉదయ్ భాస్కర్ గారిది అమలాపురం వైపు. మనిషి చెడ్డవారేమీ కాదు. బస్సు తప్పిపోయి ఆలస్యంగా వస్తే నా ఒక్కదానికే పాఠం మళ్లీ చెప్పేవారు. కోర్సు అయ్యాక నా బయోడేటా కూడా ఆయనే దగ్గరుండి టైపు చేయించారు.

“ఇదేంటి సార్, రెండేళ్లు ఉద్యోగం చేసినట్టు ఉంది?” అన్నాను కాగితం చూసి.

“అది లేకపోతే మీ కాగితం ఎవరూ ముట్టుకోరండీ. ఇప్పుడు మీకు పని వచ్చా, రాదా?”

“వచ్చు సార్.”

“మరింకేంటమ్మా! అది అబద్ధం కాదు, ఫార్మాలిటీ. కంపెనీ పేరు, మేనేజరు సీతారామయ్య గారి పేరు బాగా కంఠతా పట్టండి. వాళ్లు ఫోను చేస్తే మావాడు మాట్లాడతాడు. మీరేం కంగారు పడకండి.”

ఆ కంపెనీ అడ్రసు జీడిమెట్లలో ఉంది. మా నాయిన సామ్యేలు ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్నది జీడిమెట్లలోనే, ఒక మందుల ఫ్యాక్టరీలో. అక్కడి గల్లీలన్నీ నాయినకు కొట్టినపిండి. హఫీజ్‌పేట్‌లో మా కిరాయి ఇంటి అరుగుమీద కూర్చుని నా బయోడేటాను అటూ ఇటూ తిప్పి చూశాడు.

“గీ గల్లీల కంప్యూటర్ల కంపెనీ యాడిది బిడ్డా? ఆడ డ్రమ్ములు కడుగుతరు,” అన్నాడు. తర్వాత నవ్వు మొదలుపెట్టాడు. “రెండేండ్ల సంది డ్రమ్ములు కడుగుతున్నవా? నాకు ఒక్కపాలి కూడా కనవడకపోతివి!”

నవ్వి నవ్వి దగ్గులో పడ్డాడు. ఆ దగ్గు ఒకసారి పట్టుకుంటే అంత తేలిగ్గా వదలదు. ఫ్యాక్టరీ గాలి పడటం లేదని డాక్టరు రెండేళ్లనుంచి చెబుతూనే ఉన్నాడు. నా నౌకరి ఖాయమైతే నాయిన డ్యూటీ మానేస్తాడు, ఇది మా ఇంట్లో అందరం అనుకున్న మాట. అందుకే నేను కూడా ఆ నవ్వులో కలిసిపోయాను.

అమ్మ మాత్రం నవ్వలేదు. “ఊకోండ్రి. అందరు గట్లనే రాస్తరంట. ఆయన మనసు చూస్తడు గని కాయిదం చూస్తడా?”

మా ఇంట్లో ‘ఆయన’ అంటే ఒక్క యేసు ప్రభువే. అమ్మ నోట నాయిన ఎప్పుడూ ‘మీ నాయిన’. అమ్మ పేరు సారమ్మ, ఒక ప్రైవేటు దవాఖానలో ఆయా. వార్డులో దుప్పట్లు దులుపుతూ కూడా ఆయనతో ఏదో ఒకటి చెప్పుకుంటూనే ఉండే మనిషి. ఆ అలవాటు నాకూ అబ్బింది. బాప్తిస్మం తీసుకున్న నాటినుంచి బస్సులో కిటికీ పక్కన సీటు దొరికితే చాలు, ఆయనతో కబుర్లలో పడేదాన్ని. అదేం పెద్ద ప్రార్థన కాదు. పరీక్ష ఎలా రాశానో, ఎవరిమీద కోపమొచ్చిందో, చెప్పు తెగితే ఎంత సిగ్గుపడ్డానో, అన్నీ. ఆయన వింటున్నాడని నాకు ఎన్నడూ అనుమానం రాలేదు.

బయోడేటా చేతికొచ్చిన వారంలోనే ఆ కబుర్లు ఆగిపోయాయి. ఎందుకు ఆగాయో మొదట్లో నాకే తెలియలేదు. బస్సెక్కగానే సీతారామయ్య గారిని వల్లెవేసేదాన్ని. ఆయన ఎన్నింటికి ఆఫీసుకు వస్తారు? నాకు మొదట అప్పజెప్పిన పని ఏది? అడిగితే తడుముకోకూడదు కదా. అమీర్‌పేటలో దిగే వేళకు ఆయనకు ఒక కళ్లద్దాల పెట్టె, ఒక అల్లుడు కూడా ఏర్పడ్డారు.

మాదాపూర్ ఇంటర్వ్యూకు పిలుపొచ్చింది. ఆ ఆఫీసు ఒక అద్దె బంగళాలో ఉండేది. రోడ్డుకు అవతల గుండ్రటి పెద్ద భవనం లేస్తోంది, అందులోకి వెళ్లే రోజు కోసం కంపెనీలన్నీ కాచుకుని ఉన్నాయి. నన్ను ప్రశ్నలడిగిన మేనేజరు అవినాష్ గారికి ముప్పై ఏళ్లు కూడా ఉండవు. ప్రోగ్రాము రాసిమ్మంటే రాసిచ్చాను. తప్పుల్లేవు. ఆయన తలూపి కుర్చీలో వెనక్కి వాలారు.

“అక్కడ ఎందుకు మానేస్తున్నారండీ?”

ఈ ప్రశ్న నేను వల్లెవేసినవాటిలో లేదు. “మా సార్‌కి బీపీ ఎక్కువైందండి. కంపెనీ మూసేద్దామనుకుంటున్నారు.”

“అయ్యో! ఇప్పుడెలా ఉన్నారు?”

“పర్లేదండి. ఉప్పు తగ్గించారు.”

ఆయన నిజంగానే బాధపడ్డారు. వాళ్ల నాన్నగారికీ బీపీయేనట. బయటికొచ్చి బస్టాపులో నిలబడ్డాను. ఇంత సులువుగా నోటికొస్తుందని నేననుకోలేదు.

దసరా దాటాక ఉత్తరం వచ్చింది. నవంబరు రెండో తేదీ, సోమవారం చేరాలి. అమ్మ ఆ కాగితాన్ని కళ్లకద్దుకుంది. నాయిన షిఫ్టు ఇన్‌ఛార్జికి చెప్పేశాడు, ఇంకొక్క నెలే వస్తానని. ఆ రోజునుంచి సాయంత్రం కుటుంబ ప్రార్థనలో అమ్మది ఒకటే పాట. “నా బిడ్డకు నువ్వే తలుపు తెరిచినవు ప్రభువా, నీకే మహిమ.” నాయిన ఆమెన్ అనేవాడు. నేను పెదవులు కదిపేదాన్ని. కళ్లు మూసుకుంటే ప్రభువు గుర్తుకు రావడం మానేసి, కళ్లద్దాలు తుడుచుకుంటూ సీతారామయ్య గారు ప్రత్యక్షమయ్యేవారు. నవ్వకండి. నాకు ఏడుపొచ్చేది.

తిండి సయించలేదు. కాలుగాలిన పిల్లిలా ఇంట్లో తిరిగాను. ఉతికిన బట్టలే మళ్లీ ఉతికాను, లెక్కలేనన్నిసార్లు ఆ ఉత్తరం తీసి చదివాను. కోరుకున్నది చేతికొచ్చింది గదా, ఈ పరేషాన్ ఏమిటని నన్ను నేనే తిట్టుకున్నాను.

చేరబోయే ముందురోజు ఆదివారం. మా గుడి రేకుల షెడ్డు. పాటలయ్యాక వాక్యానికి ముందు సాక్ష్యాలుంటాయి. దేవుడు ఆ వారం చేసిన మేలును ఎవరికి వాళ్లు లేచి చెప్పాలి. జ్వరం తగ్గింది, పిల్ల పాసైంది, కేసు కొట్టేశారు. ఒక్కొక్కరు చెప్పి కూర్చోగానే అందరూ ‘స్తోత్రం’ అంటారు. అమ్మ వారంరోజులుగా ఆ ఘడియకోసమే ఎదురుచూస్తోంది. నా మోచేయి పట్టి లేపింది.

“లే బిడ్డా. చెప్పు.”

లేచాను. ఆ షెడ్డులో ఉన్న నలభైమందీ నన్ను చిన్నప్పటినుంచి ఎరిగినవాళ్లే. నోరు తెరిచాను. ‘ఈ ఉద్యోగం నాకు దేవుడిచ్చాడు’ అనాలి. అంతే, నాలుగు మాటలు. ఇంటర్వ్యూలో బీపీ గురించి అంత చక్కగా చెప్పినదాన్ని, ఇక్కడ నీళ్లు నమిలాను.

“రేపు... రేపు చేరాల్సి ఉంది. చేరినాక చెప్తా,” అని కూర్చున్నాను.

అమ్మ ఊరుకోలేదు. తనే లేచింది. “నా బిడ్డకు సిగ్గు. నేను చెప్త. మాదాపూర్ల పెద్ద కంపెనీల దేవుడే నా బిడ్డకు నౌకరి ఇచ్చిండు. వచ్చే శనివారం మా ఇంట్ల కృతజ్ఞత కూడిక. అందరు రావాలె.” షెడ్డంతా స్తోత్రమంది.

మా వెనకాల లచ్చమ్మ లేచింది. ఆమె గోదాములో మూటలు కుట్టే కూలిమనిషి. తనకు నెలంతా పని దొరికిందని చెప్పి కూర్చుంది. స్తోత్రం కూడా అయిపోయింది. ఆమె మళ్లీ లేచింది.

“పాస్టరుగారు, తప్పు చెప్పిన. నెలంత కాదు, పదిహేను దినాలే. ఆయన ముంగట ఎక్వ చెప్పొద్దు గదా.”

అందరూ నవ్వారు. పాస్టరుగారూ నవ్వారు. నాకు మాత్రం గుండెల్లో రాయి పడింది. పాస్టరుగారు ఆ రోజు ఏ వాక్యం చెప్పారో నాకొక్క ముక్క ఎక్కలేదు.

సోమవారం అమ్మ కొత్త చుడీదార్ ఇస్త్రీ చేసిచ్చింది. ఆఫీసులో నాతోపాటు చేరేవాళ్లు ఇంకో ఎనిమిదిమంది ఉన్నారు. వాసంతి అనే అమ్మాయి అందరికీ ఫారాలు పంచింది. పేరు, తండ్రి పేరు, అడ్రసు రాశాను. ఆ కింద ఇంతకుముందు చేసిన ఉద్యోగాల గడి ఉంది. అందులో ‘నిల్’ అని రాశాను. తర్వాతి గడిలో బ్లడ్ గ్రూపు రాశాను.

వాసంతి అన్నీ తీసుకుని చూస్తూ నా దగ్గర ఆగింది. “అయ్యో, ఇక్కడ పొరపాటు రాశారండీ. పర్లేదు, ఇంకో ఫారం ఇస్తాను.”

ఇంకో ఫారం ఇచ్చింది. పేరు, తండ్రి పేరు, అడ్రసు మళ్లీ రాశాను. ఆ గడి దగ్గరికొచ్చాను. నాయిన దగ్గు చెవుల్లో వినిపిస్తోంది. మళ్లీ ‘నిల్’ అనే రాశాను.

“మీ బయోడేటాలో రెండేళ్లు ఉందిగా?”

“ఆ రెండేళ్లు లేవండి. సీతారామయ్య గారు కూడా లేరు.”

ఆమె తలుపువైపు చూసి గొంతు తగ్గించింది. “ఎందుకండీ ఇప్పుడిదంతా? ఈ తొమ్మిదింటిలో ఎన్ని నిజమంటారు? మీ ప్రోగ్రామే అన్నిటికన్నా బాగుందని మా సార్ అన్నారు. రెండేళ్లని రాసేసి సంతకం పెట్టండి. నేనేం చూడలేదు.”

కసురుకున్నా బాగుండేది. అంత ఆపేక్షగా చెబితే కాదనడం కష్టం. “నిన్న మా గుడిలో ఈ ఉద్యోగం దేవుడిచ్చాడని మా అమ్మ చెప్పిందండి. ఇది ఆయన ఇచ్చింది కాదు. ఆయన పేరు దీనికి పెట్టలేను,” అన్నాను. నా మాట ఆమెకు అర్థమైందో లేదో తెలియదు. ఫారం తీసుకుని అవినాష్ గారి గదిలోకి వెళ్లింది.

ఆయన నన్ను పిలిపించినప్పుడు కోప్పడతారనుకున్నాను. ఆయన ముఖం చిన్నబుచ్చుకున్నారు. “ఉప్పు తగ్గించారన్నారు కదండీ?” అన్నారు.

“సారీ సార్.”

“తెలియకపోతే వేరే సంగతి. తెలిశాక ఎలా తీసుకోను చెప్పండి?” నా ఉత్తరం వెనక్కి తీసుకుని సొరుగులో పెట్టుకున్నారు. మిగతా ఎనిమిదిమందిని లోపలికి పిలిచారు.

బయట గుండ్రటి భవనానికి అద్దాలు బిగిస్తున్నారు. ఎండలో కళ్లు జిగేల్మన్నాయి. రోడ్డు పక్కన ఇంకా పగలగొట్టని బండ ఒకటుంటే దానిమీద కూర్చున్నాను. “ప్రభువా, ఉద్యోగం పోయింది,” అన్నాను. నాలుగు నెలల తర్వాత మొదటిసారి ఆ పేరు తడుముకోకుండా వచ్చింది. ఆ తర్వాత ఆపలేకపోయాను. నాయిన గురించి, అమ్మ గురించి, సీతారామయ్య గారి అల్లుడి గురించి కూడా చెప్పాను. ఏడ్చాను, నవ్వాను, తట్టలు మోసే ఆడవాళ్లు ఆగి చూసిపోయారు. ఎన్నాళ్లకో మన మనిషి మన పక్కన కూర్చున్నట్టుంది. నాకు ఆయన కావాలి. ఆ అద్దాల మేడకన్నా కావాలి. నాయిన దగ్గు తగ్గాలని ఎంత కోరుకున్నానో అంతకన్నా ఎక్కువ కావాలి. ఆ చివరి మాట అనుకున్నందుకు సిగ్గుతో చచ్చిపోయాను, కానీ అది నిజం.

ఇంట్లో చెప్పేసరికి అమ్మ ఒంటికాలిమీద లేచింది.

“ఏం పోతుండె నీకు సప్పుడు చెయ్యకుంటే? షామియానా చెప్పిన. పాస్టరమ్మకు చెప్పిన. వార్డుల నర్సమ్మలందరికి చెప్పిన. ఇగ నేను ఏ ముఖం పెట్టుకొని పోవాలె? మీ నాయిన సంగతన్న సోచాయించినవా జర?”

నాయిన షిఫ్టు దిగి అప్పుడే వచ్చాడు. అమ్మ అరుపుల్లోనే సంగతంతా తెలిసిపోయింది. కాళ్లు కడుక్కుని వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. తిడతాడని తల వంచుకున్నాను.

“గా సీతారామయ్యను కూడ తీసేసినరా?” అన్నాడు.

“ఆఁ నాయినా.”

“పాపం, బీపీ మనిషి.” తడి కాళ్లు తుడుచుకుంటూ, “మా ఇన్‌ఛార్జికి రేపు చెప్త, మానేస్తలేనని. ఫికర్ చేయకు. నీ ముఖం సక్కగ చూసి నాలుగు నెలలైంది బిడ్డా,” అన్నాడు.

మర్నాడు ఎప్పటిలాగే టిఫిను డబ్బా పట్టుకుని ఫస్టు షిఫ్టుకు వెళ్లాడు. సందు మలుపు దాకా దగ్గు వినిపించింది. నేను తలుపు వెనక నిలబడి విన్నాను.

శనివారం కూడిక జరగలేదు. అమ్మ మూడువారాలు నాతో మాట్లాడలేదు. అన్నం వడ్డించేది, ముఖం చూసేది కాదు. గుడిలో నా పక్కన కాక ముందు చాపమీద పాస్టరమ్మ దగ్గర కూర్చునేది. ఎవరైనా కూడిక సంగతి అడిగితే ‘బిడ్డకు పాణం బాగలేదు’ అనేది. నాకు మాత్రం అంతా ప్రశాంతంగా ఉందనుకుంటున్నారేమో, అదేం లేదు. పొద్దున ఆయనతో మాట్లాడి ధైర్యం తెచ్చుకోవడం, నాయిన దగ్గు వినగానే పోగొట్టుకోవడం. నేను చేసింది విశ్వాసమా, పొగరా అని నన్ను నేనే నిలదీసుకున్నాను. పేపరు కొనుక్కొచ్చి ‘అనుభవం అవసరం లేదు’ అన్న ప్రకటనల కింద గీతలు గీసి కూర్చున్నాను. నాతోపాటు ఆ రోజు ఫారాలు నింపినవాళ్లలో ఒకామె ఇన్నేళ్లకు ఈమధ్య పుప్పాలగూడలో ఎదురుపడింది. పన్నెండో అంతస్తులో ఉంటోందట. అసూయ పడలేదంటే అది సీతారామయ్య గారంత నిజం.

మూడోవారం చివర్లో, శనివారం మధ్యాహ్నం, అమ్మ చేటలో బియ్యం పోసుకుని అరుగుమీద కూర్చుంది. నేను ఎదురుగా కూర్చుని రాళ్లేరడం మొదలుపెట్టాను. లేచి పొమ్మనలేదు. చేటలోకి చూస్తూనే అడిగింది.

“నిజం చెప్పు. ఎందుకు చేసినవ్?”

“గా కాయిదం రాసినప్పట్నుంచి ఆయనతోని మాట్లాడలేకపోయినమ్మా. నువ్వు ప్రార్థన చేస్తుంటే పెదవులు ఊరికే ఆడించిన. నౌకరిల చేరితే ఇగ ఎన్నటికి మాట్లాడలేనేమో అని భయమైంది.”

“నాలుగు నెలల సందా?”

“ఆఁ.”

“నాకు చెప్పకపోతివి.”

“నువ్వు మస్తు సంబురంల ఉంటివి గదమ్మా.”

అమ్మ చెయ్యి చేటలో ఆగిపోయింది. బియ్యం ఏరడం సగంలోనే వదిలేసి లోపలికి వెళ్లి మంచంమీద గోడవైపు తిరిగి పడుకుంది. అలా పగటిపూట పడుకోవడం ఆమెకు అలవాటు లేదు.

మర్నాడు గుడికి అమ్మ నాకంటే ముందే వచ్చింది. నా చాపమీదే కూర్చుని ఉంది. సాక్ష్యాల వేళ ఇద్దరు ముగ్గురు లేచి చెప్పారు, స్తోత్రాలయ్యాయి. అమ్మ కొంగు భుజం చుట్టూ కప్పుకుని లేచి నిలబడింది. నాయిన మగవాళ్ల వైపునుంచి మెడ సాచి చూశాడు.

“అందరు దొరికింది చెప్తరు. నేను పోయింది చెప్త,” అంది. “నా బిడ్డకు నౌకరి దేవుడిచ్చిండని నేను గీడ నిలవడి చెప్పిన. మీరందరు స్తోత్రమన్నరు. గా నౌకరి కాయిదంల రాసింది దొంగ మాట. నాకు ముందే ఎర్కే. ఎర్కుండి కూడ ఆయన పేరు వెట్టిన. ఆయన మీద దొంగ సాక్ష్యం చెప్పిన. నా బిడ్డ పోయి నిజం చెప్పొచ్చింది. మూడు వారాలు దాని ముఖం సూడలే నేను.”

పాస్టరుగారు కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నారు.

“నౌకరి పోయింది. బిడ్డ నాయిన మల్ల డ్యూటీకి పోతుండు. శానా కష్టమైతుంది. ఎక్వ చెప్తలేను, తక్వ చెప్తలేను. గని బిడ్డ పోలే. ఆయన పోలే. గంతే నా సాక్ష్యం.”

స్తోత్రం అనాలో కూడదో ఎవరికీ తెలియలేదు. అమ్మ కూర్చుంది. కూర్చుని, పక్కకు కాస్త జరిగి, చాపమీద నాకు చోటిచ్చింది.